పని అడిగితే రొట్టె పెట్టారు

1936 అక్టోబరు. ఇంగ్లండ్‌లో మూతబడ్డ ఓ ఓడల ఊరి నుంచి రెండొందల మంది లండన్‌కు నడిచి వెళ్లారు. దారిలో జనం వాళ్లను ఎలా చూశారు, గద్దె మీద ఉన్నవాళ్లు ఎలా చూశారు అన్నదే ఈ యథార్థ గాథ.

ఆ రాత్రి లెస్టర్ పట్టణంలో సహకార సంఘం వారి బూట్ల మరమ్మతు షాపులో దీపాలు ఆర్పలేదు. నేల మీద బూట్లు గుట్టగా పోసి ఉన్నాయి. కొన్నిటికి మడమలు అరిగి మేకులు లోపలికి పొడుచుకొచ్చాయి. కొన్నిటికి అట్ట ఊడి నోరు తెరిచింది. వాన నీళ్లకు నాని తోలు గట్టిపడిపోయింది. కుట్టేవాళ్లు ఒక్కో జత ముందుకు లాక్కుని పాత అట్ట పీకేస్తున్నారు. కొత్త తోలు కొలిచి కోసి, ఆరెతో పొడిచి, మైనం పూసిన దారం బిగించి లాగుతున్నారు. ఇంటికి వెళదామని ఎవరూ అనలేదు. ఓవర్‌టైమ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రంతా చేసిన పనికి వాళ్లు పైసా కూలి తీసుకోలేదు.

బూట్ల యజమానులు అదే ఊళ్లో నేల మీద పరుచుకుని పడుకున్నారు. రెండు వారాలకు పైగా నడుస్తున్నారు. తెల్లారితే మళ్లీ నడవాలి, లండన్ ఇంకా నూరు మైళ్లుంది. పొద్దున లేచి చూసుకునేసరికి బూట్లు బాగుపడి ఉన్నాయి. కానీ వాళ్లు ఊరు వదిలి బయల్దేరింది బూట్ల కోసం కాదు. పని కోసం.

వెయ్యి ఓడల ఊరు

ఇంగ్లండ్ ఈశాన్య మూల, టైన్ నది దక్షిణ గట్టున ఉంది జారో. 1850ల మొదట్లో చార్లెస్ పామర్ అక్కడ ఓడల కార్ఖానా పెట్టాక పల్లె కాస్తా పట్టణమైంది. ఎనభై ఏళ్లలో దాదాపు వెయ్యి ఓడలు ఆ గట్టు దిగి నీళ్లలోకి జారాయి. తాత అక్కడే పనిచేశాడు, తండ్రి అక్కడే చేశాడు, కొడుకు కాస్త ఎదగగానే అక్కడే చేరాడు. ఆ ఊరికి మరో ఆధారం లేదు, ఉండాలని ఎవరికీ తోచనూ లేదు.

1930లో ఓడల కంపెనీల పెద్దలు కూడబలుక్కుని నేషనల్ షిప్‌బిల్డర్స్ సెక్యూరిటీ అనే సంస్థ పెట్టారు. గిరాకీ పడిపోయింది, కార్ఖానాలు ఎక్కువైపోయాయి, కాబట్టి కొన్నిటిని కొని మూసేస్తే మిగతావి గట్టెక్కుతాయని వాళ్ల లెక్క. ఆ లెక్కలో జారో బలైపోయింది. పామర్ కార్ఖానాను కొని తాళం వేశారు. అంతటితో ఊరుకోలేదు. నలభై ఏళ్ల దాకా ఆ స్థలంలో ఎవరూ ఓడ కట్టకూడదని షరతు రాసుకున్నారు. అంటే ఆ రోజు పనిపోయిన పాతికేళ్ల కుర్రాడికి మళ్లీ ఆ గేటు తెరుచుకునేది ముసలితనంలోనే.

పనివాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఖాళీగా కూర్చున్నారు. ఊళ్లో పసిపిల్లల చావులు దేశ సగటుకు దాదాపు రెట్టింపయ్యాయి. ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఇచ్చే ముందు అధికారి ఇంటికొచ్చి లెక్క చూస్తాడు. ఇంట్లో ఎవరెవరు సంపాదిస్తున్నారు, ఎంత తెస్తున్నారు, అమ్ముకోదగ్గ సామాను ఏముంది? కూతురు ఎక్కడో పనికి కుదిరి నాలుగు షిల్లింగులు తెస్తే తండ్రి భృతిలో కోత పడుతుంది. ఒక ఇంటి పెద్ద తన బిడ్డ కూలి మీద బతకాల్సి రావడం ఆకలి కంటే ఎక్కువగా కుంగదీసింది.

దయ చూపినవాళ్లు లేకపోలేదు. దక్షిణాదిన సర్రే జిల్లా నుంచి సర్ జాన్ జార్విస్ అనే సంపన్నుడు, కన్సర్వేటివ్ ఎంపీ, జారో కోసం నిధి పోగుచేశాడు. టైటానిక్‌కు తోబుట్టువైన ఒలింపిక్ నౌకను 1935లో కొని, విరగ్గొట్టే పని జారోకు వచ్చేలా చూశాడు. ఓడలు కట్టిన చేతులకు ఓడను ముక్కలు చేసే పని దొరికింది. అదీ కొద్దిమందికి, కొన్నాళ్లు.

జారోలో ఉక్కు కర్మాగారం పెట్టాలన్న ఆలోచన ఒకటి వచ్చింది. పాత ఉక్కు కంపెనీలు అడ్డం పడ్డాయి. 1936 వేసవిలో ఊరి పెద్దలు లండన్ వెళ్లి వాణిజ్య మంత్రి వాల్టర్ రన్సిమన్‌ను కలిశారు. జారో తన మోక్షం తానే చూసుకోవాలని ఆయన తేల్చి చెప్పాడు. ఊరికి ఆ మాట చురుక్కుమని తగిలింది. సరే, మా దారి మేమే చూసుకుంటాం, ఆ దారి లండన్ దాకా ఉంటుందని నిర్ణయించుకున్నారు.

రెండొందల మంది, ఒక పెట్టె

నడవాలని నిర్ణయించింది ఏ విప్లవ పార్టీయో కాదు, పురపాలక సంఘం. మేయరు, కౌన్సిలర్లు, చర్చి పెద్దలు, అంగళ్ల యజమానులు అంతా ఒక్క మాట మీద ఉన్నారు. దారిలో బస, భోజనం ఏర్పాట్లకు లేబర్ పార్టీ ఏజెంటు, కన్సర్వేటివ్ పార్టీ ఏజెంటు కలిసి ముందుగా బయల్దేరారు. ఎన్నికల్లో ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు వాళ్లు.

నాయకత్వం కౌన్సిలర్ డేవిడ్ రైలీది. గుండ్రటి బౌలర్ టోపీ పెట్టుకుని వరుసకు ముందు నడిచాడు. పక్కన జారో ఎంపీ ఎలెన్ విల్కిన్సన్. ఐదడుగులు కూడా లేని మనిషి, ఎర్ర జుట్టు. ఆ జుట్టును, రాజకీయాలను కలిపి లోకం ఆమెను రెడ్ ఎలెన్ అని పిలిచింది. మనకూ ఆమె కొత్త కాదు. 1932లో వి.కె. కృష్ణ మీనన్‌తో కలిసి ఇండియా లీగ్ బృందంలో భారతదేశం వచ్చి, ఇక్కడి అణచివేతను కళ్లారా చూసి వెళ్లింది. ఆ బృందం రాసిన నివేదికను బ్రిటిష్ ప్రభుత్వం భారత్‌లో నిషేధించింది.

వస్తామన్నవాళ్లు ఎక్కువే. వైద్య పరీక్ష చేసి రెండొందల మందిని ఎంచారు. చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లు. గంటలో యాభై నిమిషాల నడక, పది నిమిషాల విశ్రాంతి. వంట సామాను మోయడానికి ఒక పాత బస్సు. బంగారు అక్షరాలు చెక్కిన ఓక్ చెక్క పెట్టె, అందులో పదకొండు వేల మందికి పైగా సంతకాలు చేసిన అర్జీ. మా ఊరికి పని కల్పించండి, అన్నదొక్కటే అందులోని విన్నపం.

ఎందుకంత జాగ్రత్త? అంతకు ముందు పదేళ్లకు పైగా నిరుద్యోగుల ఆకలి యాత్రలు లండన్‌కు వస్తూనే ఉన్నాయి. వాటిని నడిపింది వాల్ హానింగ్టన్ నాయకత్వంలోని నిరుద్యోగ కార్మికుల ఉద్యమం. దాని వెనక కమ్యూనిస్టులు ఉన్నారు. 1932లో హైడ్ పార్కులో పోలీసులతో పెద్ద ఘర్షణే జరిగింది. పెద్దమనుషుల పత్రికలు ఆ యాత్రల పేరెత్తితేనే కస్సుమనేవి. జారో వాళ్లు ఆ నీడ తమ మీద పడకూడదనుకున్నారు. రైలీ కమ్యూనిస్టులను దగ్గరికి రానివ్వలేదు. యాత్ర పేరులోనూ ఆకలి లేదు. బ్యానర్ల మీద జారో క్రూసేడ్ అని రాశారు. ఎవరికీ భయం కలిగించకుండా, ఎవరికీ కోపం తెప్పించకుండా, సభ్యంగా అడిగితే ఇవ్వక ఎక్కడికి పోతారన్నది వాళ్ల నమ్మకం.

అక్టోబరు 5న చర్చిలో ప్రార్థన చేసి, బిషప్ ఆశీస్సులు తీసుకుని కదిలారు. భార్యలు కొంత దూరం సాగనంపి వెనక్కి తిరిగారు. పాడీ అనే లాబ్రడార్ కుక్క మాత్రం వెనక్కి పోలేదు. వరుసలో తనూ చేరిపోయింది.

ఊరూరా స్వాగతం

రిపన్ వచ్చింది. అక్కడి బిషప్ ఆదరించాడు. హారోగేట్ వచ్చింది. డబ్బున్నవాళ్లు స్నానాలకు, విశ్రాంతికి వచ్చే ఊరది, కన్సర్వేటివ్ పార్టీకి కంచుకోట. రాళ్లు పడకపోతే చాలనుకున్నచోట జనం రోడ్డుకిరువైపులా నిలబడి చప్పట్లు కొట్టారు. లీడ్స్‌లో ఒక దాత తిరుగు ప్రయాణం రైలు ఖర్చులు భరిస్తానన్నాడు. బార్న్స్‌లీలో పురపాలక సంఘం స్నానశాలలు తెరిచి వేడినీళ్లు పెట్టించింది. బొబ్బలెక్కిన కాళ్లు ఆ నీళ్లలో పెట్టినప్పుడు కొందరికి ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చి ఉంటాయి. నాటింగ్‌హామ్‌లో బట్టలిచ్చారు. లెస్టర్ సంగతి చూశాం. వైద్య విద్యార్థులు వంతులవారీగా వెంట నడిచి కాళ్లకు కట్లు కట్టారు. నోటితో ఊదే మౌతార్గాన్లు వాయించుకుంటూ ఒక బృందం ముందు నడిచింది. విలేకరులు వెంట వచ్చి రోజూ వార్తలు పంపారు.

ఆ రోజుల సంగతి ఒకటి జారోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకచోట శాండ్‌విచ్‌లు పంచారు. ఒకాయన తన శాండ్‌విచ్ విప్పి, మధ్యలో ఉన్న మాంసం ముక్క తీసి, కవరులో పెట్టి ఇంటికి పోస్టు చేయబోయాడు. ఏమిటిదని పక్కవాడు అడిగితే, ఇంట్లో వాళ్లు మాంసం ముఖం చూసి వారాలైందన్నాడట. ఉత్త రొట్టె తను తిన్నాడు.

అన్నిచోట్లా అలాగే లేదు. మార్కెట్ హార్బరో అనే చిన్న పట్టణంలో ఆదరణ అంతంత మాత్రమే. కానీ మొత్తం మీద చూస్తే జనం తలుపులు తెరిచే ఉన్నాయి. తలుపులు వేసినవాళ్లు వేరే ఉన్నారు.

మనవాళ్లే మొహం తిప్పుకున్నారు

యాత్ర బయల్దేరిన రోజుల్లోనే ఎడిన్‌బరోలో లేబర్ పార్టీ మహాసభ. ఎలెన్ నడక మధ్యలో వదిలి అక్కడికి పరుగెత్తింది. సొంత పార్టీ అండ దొరుకుతుందని ఆశ. తిండీ బట్టా సరిగ్గా లేని మనుషులను అంత దూరం నడిపించడమేమిటని వేదిక మీదే ఆమెను తప్పుపట్టారు. కార్మిక సంఘాల కేంద్ర సంస్థ, టీయూసీ, అప్పటికే స్థానిక శాఖలకు సర్క్యులర్ పంపింది. ఇలాంటి యాత్రలకు తోడ్పడవద్దని దాని సారాంశం. వీధి పోరాటాలంటే కమ్యూనిస్టుల పని, వాటిని తాకితే మనకూ అంటుకుంటుందని వాళ్ల బెదురు. చెస్టర్‌ఫీల్డ్‌లో కార్మిక సంఘాలు ఆ సర్క్యులర్‌ను తు.చ. తప్పకుండా పాటించాయి. అక్కడ జారో కార్మికులకు వేడి భోజనం, పడుకునే చోటు ఏర్పాటు చేసింది ఎవరనుకున్నారు? కన్సర్వేటివ్ పార్టీ!

చర్చిలోనూ ఇదే తీరు. జారో బిషప్ ఆశీర్వదించి పంపిన యాత్రను ఆయన పైవాడు, డర్హమ్ బిషప్ హెన్సన్, టైమ్స్ పత్రికకు లేఖ రాసి తూర్పారబట్టాడు. ఇది మూకబలంతో విప్లవం తెచ్చే ప్రయత్నమన్నాడు. దాంతో ఆశీర్వదించిన బిషప్ కూడా నేను మద్దతిచ్చినట్లు కాదని సర్దుకున్నాడు.

నడక మొదలై పది రోజులు కాకముందే ప్రభుత్వం ప్రకటన చేసింది. ఇలాంటి యాత్రలు ప్రజాస్వామ్యంలో అవాంఛనీయం, మంత్రులెవరూ వాళ్లను కలవరు అని. ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్ మాట అదే. అంటే లండన్ గుమ్మం మూసి ఉందని నడిచేవాళ్లకు సగం దారిలోనే తెలుసు. అయినా ఆగలేదు.

అన్నిటికంటే చిత్రమైన వాత భృతి ఆఫీసు పెట్టింది. నడిచే రోజుల్లో ఊళ్లో ఉద్యోగం వస్తే మీరు అందుబాటులో ఉండరు కదా, కాబట్టి ఆ రోజులకు భృతి కోసేస్తామంది. పనే లేని ఊళ్లో పనికి అందుబాటులో లేరన్న నేరం!

దారే సాక్ష్యం

ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తున్న కొద్దీ దేశం రంగు మారింది. మొదటి వారంలో చూసినవి చల్లారిన కొలుములు, మూతబడ్డ గనులు, గోడకు చేరగిలబడి కూర్చున్న మగవాళ్లు. ఆఖరి వారంలో కనబడ్డవి వేరు. లూటన్‌లో వాక్స్‌హాల్ కార్ల కార్ఖానా. లండన్ శివారు ఎడ్జ్‌వేర్ దాకా మెట్రో రైలు, దాని చుట్టూ కొత్తగా లేచిన ఇళ్ల వరుసలు. కార్లు, రేడియోలు, కరెంటు సామాన్లు తయారుచేసే పరిశ్రమలన్నీ దక్షిణాదికి చేరాయి. బొగ్గు, ఉక్కు, ఓడలు నమ్ముకున్న ఉత్తరాది ఎండిపోయింది. మాంద్యం దేశమంతా ఒకేలా కొట్టలేదు. 1936 నాటికి దక్షిణాదికి అది పాత కథ, జారోకు రోజూ వండాల్సిన ఖాళీ కుండ.

రెండొందల మంది ఆ తేడాను కాళ్లతో కొలిచారు. చూసిన జనానికీ అది అర్థమైంది. హారోగేట్ దొరసానులు, లెస్టర్ కుట్టుపనివాళ్లు వాళ్ల మొహాలు చూసి కదిలిపోయారు. ఒకే దేశంలో ఇంత ఎడం ఏమిటన్న సిగ్గు ఆ చప్పట్లలో కొంత ఉంది. కానీ సిగ్గుపడినవాళ్ల చేతిలో ఉన్నవి రొట్టె, టీ, బూటు తోలు. కార్ఖానా తెరిపించగల చేతులు దారిలో ఎక్కడా ఎదురుపడలేదు.

నడక జరుగుతుండగానే జార్విస్ జారోలో ఉక్కు గొట్టాల మిల్లు పెట్టిస్తానని ప్రకటించాడు. పత్రికలు మెచ్చుకున్నాయి. యాత్ర నాయకులకు మాత్రం ఒళ్లు మండింది. సమస్య తీరిపోయిందని లండన్‌లో చెప్పుకోవడానికి మంత్రులకు ఒక సాకు దొరికినట్లయింది మరి.

లండన్ వాన

అక్టోబరు 31న జోరు వానలో మార్బుల్ ఆర్చ్ చేరారు. మర్నాడు హైడ్ పార్కులో సభ. పోలీసుల లెక్కలో జనం మూడు వేలు. అక్కడే ఉన్న పాత్రికేయుడు రిచీ కాల్డర్ లెక్కలో యాభై వేలు! చూసే కళ్లను బట్టి ఎంతమందో మారిపోయారు.

నవంబరు 4న ఎలెన్ ఓక్ పెట్టెను కామన్స్ సభలో ఉంచింది. మాట్లాడుతుంటే ఆమె గొంతు వణికింది. ఆ మధ్యాహ్నం యాత్రికుల్లో చాలామందిని థేమ్స్ నదిపై పడవ షికారుకు పంపారు. తమ అర్జీ సభలోకి వెళ్లే వేళ తాము విహారంలో ఉన్నామని తర్వాత కొందరు మండిపడ్డారు.

సభలో వ్యవహారం కొద్ది నిమిషాల్లో ముగిసింది. ఈ మధ్య జారోలో నిరుద్యోగం తగ్గుముఖం పట్టిందని రన్సిమన్ జవాబిచ్చాడు. పక్క నియోజకవర్గం సౌత్ షీల్డ్స్ నుంచి గెలిచిన చుటర్ ఈడ్ లేచి, ప్రభుత్వం ఇంత నిమ్మకు నీరెత్తినట్లు ఉండటం జాతి అంతరాత్మకే అవమానమన్నాడు. చర్చ లేదు. ఓటింగు లేదు. ఇరవై ఆరు రోజుల నడకకు దక్కింది అంతే. మర్నాడు యాత్రికులు రైలెక్కారు. జారో స్టేషన్లో ఊరు ఊరంతా ఎదురొచ్చి గుండెలకు హత్తుకుంది. తర్వాత భృతి ఆఫీసుకు వెళితే కోత కోసి ఇచ్చారు.

వాళ్లు వెళ్లిన కొద్ది రోజులకే హానింగ్టన్ బృందం ఆకలి యాత్రతో లండన్ చేరింది. పత్రికలకు వీళ్లంటే పడదు. పెద్దమనుషులకు భయం. పార్లమెంటులో ఒత్తిడి పెరిగి, చివరికి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బ్రౌన్ ఈ బృందం ప్రతినిధులను కలిశాడు. అందరూ మెచ్చుకున్న జారోకు మూసిన గుమ్మం, అందరూ తిట్టిపోసిన వీళ్లకు కాస్త తెరుచుకుంది. మంచివాళ్లు అనిపించుకోవడం వల్ల జారోకు జనం ప్రేమ దొరికింది. కానీ ఆ ప్రేమను చూసి ఏ మంత్రికీ నిద్ర పట్టకుండా పోలేదు.

పాల సీసా

తర్వాత జారోకు పని దొరికింది. ఉక్కు పని కొంత వచ్చింది, ఆ వెనకే యుద్ధం వచ్చింది. మనుషులకు పని పెట్టని దేశం ఫిరంగులకు పని పెట్టక తప్పలేదు. ఇల్లిల్లూ గాలించి కూతురి కూలిని తండ్రి భృతిలోంచి కోసే పద్ధతికి 1941లో స్వస్తి చెప్పారు. మొత్తం దూరం నడిచినవాళ్లలో చివరిదాకా బతికినాయన 2003లో కన్నుమూశాడు. ఆ నడకతో ఒరిగిందేమీ లేదన్నదే చివరివరకూ ఆయన అభిప్రాయం. ఆ మాట కొట్టిపారేయలేం. యాత్ర అడిగింది యాత్రకు దక్కలేదు.

ఇప్పుడు బ్రిటన్‌లో జారోను తలవని రాజకీయ నాయకుడు లేడు. ఆనాడు సర్క్యులర్ పంపి అడ్డుకున్న కార్మిక సంఘాలకూ అది గర్వకారణమే. గెలవని పోరాటాన్ని పొగడటం తేలిక, అది ఇంకెవర్నీ ఏమీ అడగదు కదా.

ఎలెన్ మాత్రం ఆ దారిలో చూసింది మరిచిపోయినట్లు లేదు. 1945లో అట్లీ ప్రభుత్వంలో ఆమె విద్యామంత్రి అయింది. 1947 ఫిబ్రవరిలో చనిపోయే లోపు ఆమె చేయించిన పనుల్లో ఒకటి, బడిపిల్లలందరికీ రోజూ ఉచితంగా పాలు. అందులో ఇంటి లెక్క అడగలేదు. తండ్రికి పనుందా లేదా అనలేదు. హారోగేట్ పిల్లకూ, జారో పిల్లకూ అదే సీసా. పది ఊళ్ల జనం చప్పట్లు కొట్టి, కళ్లు తుడుచుకుని, శాండ్‌విచ్ పెట్టి పంపితే ఆ పూట గడిచింది. చట్టంగా రాసిన పాలు మర్నాడూ వచ్చాయి, ఆ మర్నాడూ వచ్చాయి. ఎవరి మనసూ కరగాల్సిన అవసరం లేకుండానే.